ఫైలు చదివాకే నోటు

(పెన్షనర్ల దినోత్సవ సభలో "దేశదేశాల ఆచార భేదాలు – వాటిని అర్థం చేసుకోవడం" అనే విషయంపై చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగరోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్సుమెంటు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నాకు వేరే పని అప్పగించారు. "మనవాళ్ళు సగంమంది పిల్లల దగ్గరికని విదేశాలు వెళ్ళివస్తున్నారు, మనసు కష్టపెట్టుకుని వస్తున్నారు, దాని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు.

నేను ప్రొఫెసరును కాను. 1972లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 2008లో కలెక్టరాఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. అమెరికాలో మా అబ్బాయి దగ్గర రెండుసార్లు, ఒక్కోసారి అయిదేసి నెలలు ఉండి వచ్చాను. అక్కడ పగటిపూట తోచక, ఊరి లైబ్రరీలో కాసిని పుస్తకాలు తిరగేశాను. నా అర్హత అంతే.

పిల్లలో మనవలో విదేశాల్లో ఉన్నవారు ఒకసారి చెయ్యెత్తండి. (సభలో సగానికి పైగా చేతులు లేచాయి.) చూశారా! కనుక ఇది పుస్తకాల విషయం కాదు, మన ఇళ్ళలో విషయం.

మన సభ్యులు కొందరు తిరిగొచ్చాక ఒక మాట అంటూంటారు: "వాడు మారిపోయాడండీ, అక్కడి నీళ్ళు వంటబట్టాయి" అని. ఆ ఒక్క మాట మీద తండ్రీకొడుకుల మధ్య రెండేళ్ళు ఫోనే లేని ఇల్లు నాకు తెలుసు. పేరు చెప్పను. గొడవ ఆస్తి మీద కాదు. గుళ్ళో పరిచయమైన ఒక తెలుగాయనను తండ్రి ఆదివారం భోజనానికి పిలిచారు, కొడుక్కి ముందు చెప్పలేదు. "అడక్కుండా ఎలా పిలుస్తావు నాన్నా?" అన్నాడు కొడుకు. "నా కొడుకింటికి ఒక మనిషిని పిలిచే హక్కు నాకు లేదా?" అన్నారు తండ్రి. మర్నాడే తిరుగు టిక్కెట్టు ముందుకు జరిపించుకుని వచ్చేశారు. ఈ సంగతి మళ్ళీ ప్రస్తావిస్తాను.

మన ఆఫీసుల్లో టాటెన్‌హామ్ పద్ధతి మీకందరికీ తెలిసిందే. ఫైలులో రెండు భాగాలు. వచ్చిన కాగితాలన్నీ కరెంటు ఫైలులో ఉంటాయి, వాటి మీద మనం రాసేది నోటు ఫైలులో ఉంటుంది. కరెంటు ఫైలు చదవకుండా నోటు పెట్టిన గుమాస్తాను ఏ సూపరింటెండెంటూ క్షమించడు. అర్జీ ఎందుకొచ్చింది, గ్రామకరణం ఏం రాశాడు, రెవెన్యూ ఇన్స్‌పెక్టరు ఏమన్నాడు అన్నీ చూశాకే "పరిశీలించి ఆదేశాలు కోరడమైనది" అని రాయాలి. పరాయిదేశపు ఆచారం కంటపడినప్పుడు మాత్రం మనం కాగితమైనా తిప్పకుండా నోటు రాసేస్తాం: "వీళ్ళకు ఆప్యాయత లేదు." వాళ్ళూ మన మీద అలాగే రాస్తారు: "వీళ్ళకు పద్ధతి లేదు." ప్రతి ఆచారం వెనకా ఒక కరెంటు ఫైలుంటుంది. అది చదివాకే నోటు పెట్టండి. ఈవేళ నేను చెప్పదలచినది ఇదొక్కటే.

తేదీలు, పేర్లు

చిన్న తేడాలతో మొదలుపెడతాను. మనం ముందు రోజు, తర్వాత నెల, ఆ తర్వాత సంవత్సరం రాస్తాం. అమెరికావారు ముందు నెల రాస్తారు. 4/7 అంటే మనకు జులై నాలుగు, వాళ్ళకు ఏప్రిల్ ఏడు. జపానులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఎవరు రైటు? "ఏప్రిల్ ఏడు" అని నోటితో అనే అలవాటున్నవాళ్ళు అదే వరసలో రాశారు. "ఏడో తారీఖు ఏప్రిల్" అనే వాళ్ళు ఇలా రాశారు. చివరికి 1988లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ సంవత్సరం, నెల, రోజు అనే వరసను ప్రమాణంగా పెట్టింది. అయినా ఎవరి అలవాటు వారిదే. మందు సీసా మీద గడువు తేదీ, డాక్టరు అపాయింట్‌మెంటు చూసుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే చాలు. నెలను అంకెల్లో కాక అక్షరాల్లో రాస్తే ఏ దేశంలోనూ చిక్కు రాదు.

పేర్లదీ ఇదే కథ. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. అమెరికాలో ఇంటిపేరు చివర. అందుకే అక్కడి ఆసుపత్రిలో నర్సు పిలిచిన పేరు మనది కాదేమోనని మనం కూర్చునే ఉంటాం. అలాగని ఇంటిపేరు ముందు పెట్టేది మనమొక్కరమే కాదు. చైనా, కొరియా, జపాను, యూరపులో హంగరీ కూడా ముందే పెడతాయి. జపాను ప్రభుత్వం 2020 జనవరి నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అధికార పత్రాల్లో సైతం ఇంటిపేరు ముందే రాయాలని నిర్ణయించింది. ఐస్‌లాండులో చాలామందికి ఇంటిపేరే లేదు. తండ్రి పేరుకో తల్లి పేరుకో కొడుకైతే "సన్", కూతురైతే "దొత్తిర్" అని చేరుస్తారు. మన పక్కనున్న తమిళులు తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియలుగా పెట్టుకోవడం లేదూ? ఇంటిపేరు వెనక్కి వెళ్ళినంత మాత్రాన వంశం వెనక్కి పోదు.

వద్దంటే వద్దేనా?

ఇక కాస్త లోతైన తేడా. మన ఇళ్ళలో వడ్డించేటప్పుడు జరిగే తంతు మీకు తెలుసు. "మరికాస్త వేయించుకోండి" అంటారు. "వద్దు వద్దు" అని చెయ్యి అడ్డం పెడతాం. "మొహమాటపడకండి" అంటూ వేళ్ళ సందులోంచి వేసేస్తారు. ఆ "వద్దు"కు అర్థం వద్దని కాదు, ఇంకొక్కసారి అడగమని. ఒక్కసారి అడిగి ఊరుకున్న ఇల్లాలిని మనం పీనాసి అనుకుంటాం.

మన సభ్యులొకరు వాళ్ళబ్బాయితో కలిసి ఒక అమెరికన్ దంపతుల ఇంటికి వెళ్ళారు. "కాఫీ తాగుతారా?" అని అడిగారు. మన అలవాటు చొప్పున ఈయన "వద్దండీ" అన్నారు. వాళ్ళు "సరే" అని తమ కప్పులు తెచ్చుకుని ఈయనెదురుగా కూర్చుని తాగారు! (నవ్వులు) ఈయన దృష్టిలో అది అవమానం. వాళ్ళ దృష్టిలో మర్యాద. పెద్దమనిషి వద్దన్నాక మళ్ళీ అడగడమంటే ఆయన మాట నమ్మకపోవడమే కదా!

ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ పండితుడు 1976లో వచ్చిన పుస్తకంలో దీన్నే వివరించాడు. కొన్ని సమాజాల్లో మాట కంటే సందర్భమే ఎక్కువ చెబుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ గొంతుతో అన్నారన్న దాంట్లో సగం అర్థం ఉంటుంది. జపాను, అరబ్బు దేశాలు అలాంటివి. మరికొన్నింట్లో చెప్పిన మాటే చెప్పిన అర్థం. జర్మనీ, అమెరికా ఆ కోవలోవి. మనం మొదటి కోవలోవాళ్ళమని వేరే చెప్పాలా? "మొహమాటం" అన్న మాటకు సరిపోయే ఒక్క ఇంగ్లీషు మాట నాకు ఇంతవరకూ దొరకలేదు. ఇరానులో ఇలాంటి మర్యాదకు "తారోఫ్" అని పేరే ఉంది. అక్కడ కొట్టువాడు కూడా "మీ దగ్గర డబ్బేమిటండీ" అంటాడు. నిజమేనని సరుకు పట్టుకుని వచ్చేస్తే కుదరదు!

దీని వెనక కారణం ఏమిటి? తరతరాలుగా ఒకే ఊళ్ళో ఒకరినొకరు ఎరిగినవాళ్ళ మధ్య సగం మాట చాలు. అమెరికా నానా దేశాలనుంచి వచ్చినవాళ్ళు కలిసి కట్టుకున్న దేశం. ఇటలీవాడి సైగ ఐర్లండువాడికి తెలియదు. అలాంటిచోట విప్పి చెబితేగాని పని జరగదు. పైగా ఈ సంగతి మన పెద్దలకు తెలియనిదేమీ కాదు. "అడగందే అమ్మైనా పెట్టదు" అన్నది మన సామెతే కదా! అక్కడికి వెళ్ళినప్పుడు ఆ సామెత ఒక్కటీ మూట కట్టుకుని వెళ్ళండి.

"థాంక్యూ" సంగతీ ఇంతే. అక్కడ భార్య మంచినీళ్ళిస్తే భర్త థాంక్యూ అంటాడు. మన ఇంట్లో అలా అంటే "ఏమిటి, పరాయిదాన్నయ్యానా?" అంటుంది ఇల్లాలు. మనకు దగ్గరితనం ఉన్నచోట కృతజ్ఞత మాటలో ఉండదు, మనసులో ఉంటుంది. వాళ్ళకు దగ్గరివాళ్ళ పనినైనా తేరగా తీసుకోకూడదన్నది నియమం. రెండింటి మూలమూ గౌరవమే, దారులే వేరు. మనవడు మిమ్మల్ని "నువ్వు" అంటే కోపం తెచ్చుకోవద్దు. ఇంగ్లీషులో "నువ్వు", "మీరు" రెండూ ఒకటే మాట. ఆ పిల్లవాడు తెలుగు మాట్లాడటమే మన అదృష్టం. స్వీడనులో అయితే మన "మీరు" లాంటి మాటలూ బిరుదులూ 1960లలో జనం తమంత తామే వదిలేసి, అందరినీ "నువ్వు" అనుకోవడం మొదలుపెట్టారు. అందరూ సమానమని చాటడానికి అలా చేశారు. అక్కడ "నువ్వు" అంటే చులకన కాదన్నమాట.

తిథి లేని అతిథి

ఇందాక చెప్పిన ఆదివారం భోజనం దగ్గరికి వస్తాను.

"అతిథి" అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడని పెద్దలు అర్థం చెబుతారు. మాటలోనే ఉంది, ముందుగా చెప్పకుండా వచ్చేవాడని! ఎందుకలా? ఆ రోజుల్లో ఫోన్లు లేవు, బస్సులు లేవు. ఎండనపడి వచ్చినవాడికి హోటలు లేదు. వచ్చినవాడికి అన్నం పెట్టకపోతే వాడు పస్తుండాల్సిందే. రేపు మనం ప్రయాణంలో ఉంటే మనకూ అదే గతి. ఇంట్లో ఎప్పుడూ పదిమంది ఉండేవారు, ఒక గరిటె బియ్యం ఎక్కువ పోస్తే సరిపోయేది.

మరి మా అబ్బాయి ఉండే ఊళ్ళో? ఇంట్లో ఉన్నది ఇద్దరు, ఇద్దరూ ఉద్యోగస్తులే. పనిమనిషి లేదు. అంట్లు, బట్టలు, చలికాలం వాకిట్లో మంచు ఎత్తిపోయడం, అన్నీ వాళ్ళవే. పిల్లల ఈతా సంగీతమూ శని ఆదివారాల్లోనే. ఆ కుటుంబానికి వారం మొత్తంమీద తమదంటూ మిగిలేది నాలుగైదు గంటలు. చెప్పకుండా వచ్చిన మనిషి అన్నం తినడు, ఆ నాలుగు గంటలు తింటాడు. అందుకని ముందు ఫోను చేయడం అక్కడి మర్యాద.

ఆ తండ్రి పుట్టిపెరిగిన ఇంట్లో ఎవరూ ఆకలితో గడప దాటి ఎరగరు. ఆ ఆదివారం కొడుక్కి ఆఫీసు పని తరుముకొస్తోంది, కోడలు రెండు రాత్రులు నిద్రలేకుండా జ్వరపడ్డ పిల్లను చూసుకుంది. ఈ మాట కొడుకు చెప్పలేదు, ఆ మాట తండ్రి చెప్పలేదు. ఎవరి ఫైలులో వాళ్ళు సగమే చదివి నోటు పెట్టేశారు. రెండేళ్ళ తర్వాత ఆ తల్లి ఇద్దరిచేతా మిగతా సగం చదివించింది. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు. కాని మధ్యలో పోయిన రెండేళ్ళూ, ఆ మనవరాలి అయిదో పుట్టినరోజూ తిరిగి రావు.

ఇంకొక సంగతి చూడండి. హైదరాబాదులో, విజయవాడలో అపార్టుమెంట్లలో ఉండే మన బంధువుల ఇళ్ళకు మనం ఇప్పుడు చెప్పకుండా వెళుతున్నామా? ఫోను చేసి, "ఇంట్లో ఉన్నారా?" అని అడిగి, కిందనున్న వాచ్‌మన్ చేత కూడా చెప్పించుకుని వెళుతున్నాం. మనం అమెరికావాళ్ళమయ్యామా? లేదు. బతుకు తీరు మారింది, దాంతో మర్యాదా మారింది. ఆచారం రక్తంలో పుట్టదు, బతుకులో పుడుతుంది.

పసిపిల్లల విషయం

ఒక్కచోట మాత్రం చాలా జాగ్రత్త అవసరం. కొన్ని తేడాలు మర్యాదతో ఆగవు, చట్టం దాకా వెళతాయి. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ కారులో చంటిపిల్లలకు ప్రత్యేకమైన సీటు ఉండాలి. "నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాలే" అని నాయనమ్మ ముచ్చటపడినా కుదరదు. పార్కులో ముద్దొచ్చిన పరాయి పిల్లను ఎత్తుకోవడం, బుగ్గ గిల్లడం, ఫోటో తీయడం పనికిరావు. ఆ తల్లి భయపడుతుంది. స్వీడను 1979లోనే ఇంట్లో తల్లిదండ్రులు సైతం పిల్లలను కొట్టకూడదని చట్టం చేసింది. ప్రపంచంలో అదే మొదటి దేశం.

2011లో నార్వేలో ఒక భారతీయ దంపతుల ఇద్దరు పిల్లలను అక్కడి శిశుసంక్షేమ అధికారులు తమ సంరక్షణలోకి తీసుకున్నారు. చేత్తో అన్నం తినిపించడాన్ని, పక్కలో పడుకోబెట్టుకోవడాన్ని కూడా తప్పుపట్టారని ఆ దంపతులు వాపోయారు. సంస్కృతీ భేదం కారణం కాదని అధికారులు అన్నారు. వివరాలు గోప్యమన్నారు. రెండు ప్రభుత్వాల మధ్య చర్చలు నడిచాక 2012లో పిల్లలు మన దేశానికి వచ్చారు. ఆ ఫైలు పూర్తిగా మన కళ్ళబడలేదు కనుక తీర్పు చెప్పడం మన పని కాదు. మనం నేర్చుకోవలసింది ఒకటుంది. మన తాతలనాటి అలవాటు మరోచోట అధికారి కంటికి ఎలా కనిపిస్తుందో ముందే తెలుసుకుని ఉండాలి. మనవణ్ణి చూసుకోవడానికి వెళ్ళే ప్రతి తాతా, నాయనమ్మా, అమ్మమ్మా విమానం దిగిన మొదటివారంలోనే "ఇక్కడ పిల్లల విషయంలో చేయకూడనివేమిటి?" అని కొడుకునో కూతురునో అడిగి తెలుసుకోవాలి.

మన వయసువాళ్ళ సంగతి

ఇక మన మనసుల్లో ముల్లులా ఉన్న విషయం. "అక్కడ తల్లిదండ్రులను దగ్గర పెట్టుకోరండీ, వాళ్ళకు ప్రేమలు లేవు" అంటాం. దీని కరెంటు ఫైలు మనం తప్పక చదవాలి. ఎందుకంటే అది పింఛను ఫైలు!

వృద్ధులకు దేశవ్యాప్తంగా పింఛను చట్టం మొదట తెచ్చింది జర్మనీ, 1889లో, బిస్మార్కు కాలంలో. వయసు 70 నిండాలి. 1916లో దాన్ని 65కు తగ్గించారు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ చట్టం 1935లో వచ్చింది. నెలనెలా ఇచ్చే చెక్కుల్లో మొదటిది 1940 జనవరి 31 తేదీతో వెర్మాంట్ రాష్ట్రంలోని ఐడా మే ఫుల్లర్ అనే ఆవిడకు అందింది. మొత్తం 22 డాలర్ల 54 సెంట్లు. ఆవిడ అంతకుముందు మూడేళ్ళలో కట్టిన చందా 24 డాలర్ల 75 సెంట్లు. నూరేళ్ళు బతికి, 1975లో పోయేనాటికి 22,888 డాలర్ల పైచిలుకు అందుకున్నారు. మన అకౌంటెంట్ జనరల్ ఆఫీసువారు ఈ లెక్క చూస్తే గుండె పట్టుకుంటారు! (నవ్వులు)

ఇప్పుడు ఆలోచించండి. చేతిలో పింఛను లేని ముసలితండ్రి కొడుకు పంచన ఉండక తప్పదు. పింఛను ఉన్న తండ్రికి సొంతగూడు అట్టిపెట్టుకునే వీలుంది. మన తాతలు వ్యవసాయదారులు, వాళ్ళకు కొడుకే పింఛను. మరి మనం? ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఎంతమంది "నా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు నా ఇంట్లో నేనుంటాను" అనుకోవడం లేదు? ఒకటో తారీఖున బ్యాంకులో పడే ఆ డబ్బే మనచేత ఆ మాట అనిపిస్తోంది. అమెరికన్ ముసలాయన కూడా అదే అంటున్నాడు. ఆయనను చూసి మనం జాలిపడతాం, మనల్ని చూసి మనం ఆత్మాభిమానం అనుకుంటాం!

మా అబ్బాయి ఇంటి వీధిలో ఎనభై దాటిన ఒకావిడ ఒంటరిగా ఉండేవారు. కారు తనే నడిపేవారు, తోటపని తనే చేసుకునేవారు. కొడుకు వేరే ఊళ్ళో ఉంటాడు. శనివారాలు వచ్చి గడ్డి కోసి, మందులు సరిచూసి వెళ్ళేవాడు. ఆవిడను చూస్తే మా ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగేవి. ఒకరోజు నడకలో ఆవిడ నన్నడిగారు: "మీరు బజారుకు వెళ్ళాలంటే మీ అబ్బాయి ఆఫీసునుంచి రావాలా? మీకంటూ బండి లేదా? మీ డబ్బు మీ దగ్గరుండదా? ఎలా భరిస్తున్నారు?" ఆవిడ గొంతులో ఉన్నదీ జాలే! మేము ఆవిడ ఒంటరితనం చూసి జాలిపడుతున్నాం, ఆవిడ మా పరాధీనత చూసి జాలిపడుతున్నారు. నిజానికి ఇద్దరి దగ్గరా ఒక కొరత ఉంది, ఒక నిధీ ఉంది.

పెద్దలను గౌరవించడం మా సొత్తు అని మనం గర్వపడతాం. మంచిదే. కాని సింగపూరులో తల్లిదండ్రుల పోషణకు 1995లో చట్టం చేయవలసి వచ్చింది. మన పార్లమెంటు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం చేసింది. చైనాలో 2013 జులై నుంచి, వేరుగా ఉండే పిల్లలు తల్లిదండ్రులను తరచు చూడటానికి వెళ్ళాలని చట్టంలోనే రాశారు. గౌరవం మన ఆసియా సొత్తే అయితే ఇన్ని చట్టాలెందుకు? ప్రేమ ఒక దేశంలో ఎక్కువా, ఇంకో దేశంలో తక్కువా ఉండదు. అది బయటపడే దారులు వేరు. శనివారం వచ్చి గడ్డి కోసే కొడుకు ప్రేమ గడ్డికోతలో ఉంది. మనం దాన్ని పాదనమస్కారంలో వెతికితే కనబడదు.

అర్థం చేసుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు

ఒక హెచ్చరిక. ప్రతి ఆచారానికీ కారణముందంటే ప్రతి ఆచారమూ మంచిదని కాదు. ఫైలు చదివాక కూడా "అర్జీ తిరస్కరించడమైనది" అని రాయవచ్చు. కట్నం మన ఆచారమే. 1961లో దాన్ని నిషేధించే చట్టం వచ్చినా విదేశీ సంబంధానికి రేటు పెంచినవాళ్ళం మనం. కులాన్ని సూట్‌కేసులో పెట్టుకుని సముద్రాలు దాటించినవాళ్ళమూ మనమే. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ శాసనం చేయవలసి వచ్చిందంటే అర్థం చేసుకోండి. "ఇది మా సంస్కృతి" అన్నది ఇంకొకరికి చేసే అన్యాయానికి రక్ష కాకూడదు. అలాగే అక్కడివన్నీ గొప్పవే అనుకోనక్కరలేదు. దూరపు కొండలు నునుపు. అక్కడి ఆసుపత్రి బిల్లు ఒక్కటి చూస్తే ఆ భ్రమ తీరుతుంది.

ఇంకొకటి. "అమెరికన్లు ఇంతే, చైనావాళ్ళు అంతే" అని ముద్ర వేయకండి. తెలుగువాళ్ళందరూ ఒక్క తీరుగా ఉన్నామా? కోస్తా, తెలంగాణ, రాయలసీమల్లో పలకరింపులు వేరు, పెళ్ళితంతులు వేరు, కూరల్లో కారమూ వేరే. దేశం గురించి చదివింది దారి చూపడానికి పనికొస్తుంది, ఎదుటి మనిషిని తూచడానికి కాదు.

కొన్ని సూచనలు

ఈ ఏడాది ప్రయాణం పెట్టుకున్నవారికి నాలుగు మాటలు మనవి చేస్తాను.

1. కావలసింది నోరు తెరిచి అడగండి. ఆకలేస్తే ఆకలేస్తోందని, తోచకపోతే తోచడం లేదని చెప్పండి. పిల్లలే కనిపెట్టాలని మౌనంగా కూర్చోవద్దు.

2. జీతమెంత, ఇల్లెంతకు కొన్నారు, పిల్లలింకా లేరేం, లావయ్యారేం అనే ప్రశ్నలు అక్కడివారిని అడగవద్దు. మనకవి ఆత్మీయత, వాళ్ళకు సొంత విషయంలో చెయ్యి పెట్టడం.

3. ఎవరినైనా ఇంటికి పిలిచేముందు ఇంట్లోవాళ్ళను అడగండి. అడిగినందువల్ల తండ్రిగిరీ తగ్గదు.

4. సరిపడా మందులు, డాక్టరు చీటీలు, ప్రయాణ ఆరోగ్య బీమా లేకుండా విమానమెక్కకండి. అమెరికాలో అక్కడి వృద్ధులకున్న మెడికేర్ చూడవచ్చినవారికి వర్తించదు. లైఫ్ సర్టిఫికెట్టు సంగతి బయల్దేరేముందే చూసుకోండి.

5. వింత కనబడినప్పుడు "ఇదేం పద్ధతి?" అనకండి. "ఇది ఇలా ఎందుకు చేస్తారు?" అనండి. మొదటి మాటతో సంభాషణ ఆగిపోతుంది, రెండో మాటతో మొదలవుతుంది.

ఈ సంచిక చదివే పిల్లలకూ ఒక మాట. నాయనా, అమ్మా! మీ అమ్మానాన్నలు అరవైడెబ్బై ఏళ్ళు ఒక రాజ్యాంగం కింద బతికి, ఒక్క రాత్రిలో ఇంకో రాజ్యాంగంలో దిగారు. "ఇక్కడ అలా చేయకూడదు" అని ఊరుకోకండి. ఎందుకు చేయకూడదో కూర్చోబెట్టి చెప్పండి. ఇంటి తాళంచెవి ఒకటి వాళ్ళ చేతికివ్వండి. లైబ్రరీకి, పార్కుకు నడిచివెళ్ళే దారి చూపించండి. ఆపదొస్తే 911కు ఎలా ఫోను చేయాలో నేర్పండి. వాళ్ళు మీ స్నేహితుడి కంచంలో అడక్కుండా మరో గరిటె వేస్తే నవ్వుకుని ఊరుకోండి. ఆ గరిటె వెనకా ఒక పెద్ద ఫైలుంది. తీరిక ఉన్నప్పుడు అడిగి చదవండి. అది చెప్పగలిగినవాళ్ళు ఎల్లకాలం ఉండరు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సమయం విషయంలో మాత్రం మనం అమెరికావాళ్ళ పద్ధతే పాటిద్దాం. (నవ్వులు)  ఇంట్లోవాళ్ళ మధ్య థాంక్యూలు ఉండవని ఇందాకే చెప్పాను కనుక, నమస్కారం అని సెలవు తీసుకుంటున్నాను.